ఓబుళరెడ్డి పిస్తోలు

ప్రచండమార్తాండకిరణసంతప్తంబులై నాపఱాళ్ల గనులు కొలిమిమూతులవలె వేఁడియావిరులు గ్రక్కుచుండఁగా కుందూనదీగర్భమున నీరు తీసిపోయిన యిసుకదిన్నెలమీఁద నిలువఁజాలక కొంగలు తుమ్మచెట్ల నీడలు వెదకికొనుచుండఁగా రజఃపటలధూసరంబైన యాకాశంబు తోమని కంచుపళ్లెరమువలె వన్నె దప్పి తోఁచుచుండఁగా వైశాఖమాసమున నొకానొక యపరాహ్ణవేళ రాళ్లగుడిపాడను నూర బస్సు దిగి యొక నడిప్రాయము దాఁటిన మనుష్యుఁడు చేతిసంచి చంకఁ బెట్టుకొని నాలుగడుగుల కొకమాఱు వెనుకకుఁ దిరిగి చూచుకొనుచు నడచుచుండెను.

ఆతని పేరు సుంకన్న. ముప్పదియొక సంవత్సరములు ప్రభుత్వపుఁ గొలువున సర్వేయరై గొలుసు పట్టి పొలముల హద్దులు కొలిచి యంగుళమైన నటునిటు చేయనివాఁడని పేరు వడసి విశ్రాంతి నొందినవాఁడు. దశరథప్ప యను ఱాతిగనుల యజమాని ముగ్గురు బీదరైతుల మెట్టచేలలోనికిఁ దన గనిని ద్రవ్వుకొనిపోయెనని కొలిచి వ్రాసియిచ్చినవాఁ డితఁడే. ఆ రైతులు వేసిన వ్యాజ్యె మిపుడు విచారణకు వచ్చెను. కొలిచినవాఁడే వచ్చి సాక్ష్యము చెప్పవలెనని న్యాయస్థానమువారు తాఖీదు పంపిరి.

తాఖీదు వచ్చిన మఱునాఁడు మొదలుకొని సుంకన్న యింటికెదుట నున్న టీయంగడి బల్లపై నొక యపరిచితుఁడు ప్రాతఃకాలముననే వచ్చి కూర్చుండఁజొచ్చెను. తిట్టలేదు. బెదరింపలేదు. సుంకన్న వాకిలి తెఱచినంతనే లేచి నిలిచి తలగుడ్డ తీసి "అయ్యా, నమస్కారము" అని పలికి మఱలఁ గూర్చుండును. అంతియే. నాలుగు దినములు గడచునప్పటికి సుంకన్న వాకిలి తెఱచుటకే వెఱవఁజొచ్చెను. రక్షకభటనిలయమునకుఁ బోయి మొఱపెట్టుకొనఁగా నచ్చటి యధికారి నవ్వి "నమస్కరించుట నేరమని యే చట్టమున నున్నదయ్యా?" అని యడిగెను.

అది మొదలు గృహమే కారాగృహ మయ్యెను. ఆతని భార్య కొండమ్మ తడిబట్టలు నడవలోనే యారవేయఁజొచ్చెను. పురిటికి వచ్చిన కూఁతురిని నెలలు నిండకమునుపే యత్తవారింటికి మఱలఁ బంపివేసిరి. వీథిలో నెవ్వరైనఁ దుమ్మినను సుంకన్న నోటికడఁ గబళము నిలిచిపోయెడిది. తుదకుఁ బ్రాణభయము గలదని జిల్లా కచేరిలో నర్జీ పెట్టుకొనఁగా వారు విచారించి పిస్తోలు నుంచుకొనుట కనుమతి నొసంగిరి. క్రొత్తది రావలెనన్న నెలలు పట్టుననియు రాళ్లగుడిపాటి ఓబుళరెడ్డి తనది విక్రయింపఁ దలఁచినాఁడనియు మొదట దానిని జూచి వాడినవాని యనుభవము విని రమ్మనియుఁ దుపాకుల వర్తకుఁడు చెప్పఁగా నిపు డీ యెండఁ బడి వచ్చుచున్నాఁడు.

ఓబుళరెడ్డి డెబ్బదిరెండేండ్ల వృద్ధుఁడు. ఒకప్పుడు బస్సులు నడపి కీర్తియు వైరమును సమానముగ నార్జించినవాఁడు. అతిథికి మజ్జిగ యిప్పించి పెట్టె తెఱచి యెఱ్ఱని గుడ్డలోఁ జుట్టిన పిస్తోలు దీసి గుండ్ల డబ్బీ నూడఁదీసి లోపల నేమియు లేదని రెండుమార్లు చూచుకొని సుంకన్న యఱచేతఁ బెట్టెను. చేయి క్రిందికి వంగెను. నలుపు దిరిగిన నీలివన్నెతో నూనెవాసనతో నది నిదురించుచున్న సర్పమువలె నుండెను.

"సాంతము నుక్కే, సర్వేయరుగారూ. ప్లాస్టిక్కు లేదు, తేలిక లోహము లేదు. బరువని వెఱవకుఁడు. ఆ బరువే దీని గుణము. పేల్చినపుడు చేయి యెగసిపడదు. పదునెనిమిదేండ్లలో నొక్కమాఱైనను గుండు చిక్కుకొని నిలిచిపోలేదు."

"మఱి దోషములు లేవా?"

"లేకేమి? చెమట తగిలినచో రెండుదినములలోఁ ద్రుప్పు పట్టును. వారమున కొకమాఱు విప్పి తుడిచి నూనె యిడవలెను. నడుమున ధరించిన సాయంకాలమునకుఁ దుంటి లాగును. వేసవిలోఁ గాలును, చలికాలమున మంచుగడ్డయై యెముకల నంటును. రండు, పేల్చి చూడుఁడు."

ఊరివెలుపల విడిచివేసిన ఱాతిగని గుంతలోనికి దిగిరి. ఓబుళరెడ్డి యెదుటిగోడపై సుద్దతో నొక వలయము గీచి వచ్చి పాదము లెట్లుంచవలెనో శ్వాస నెట్లు బిగఁబట్టవలెనో చూపెను. సుంకన్న పేల్చెను. ఱాతిగోడలు నాలుగును గర్జించెను. మొదటి గుండు వలయపుటంచును దాఁకెను. రెండవదియు మూఁడవదియు నడుమఁ బడెను. కొలతకు నలవడిన కన్నది, తప్పునా? మాసము దినములుగా వంగియున్న యాతని వెన్ను నిటారయ్యెను. గుండెలోని బండ యెవ్వరో దొర్లించినట్లు తోఁచి యకస్మాత్తుగా నవ్వు వచ్చెను. నవ్వుచునే యా వలయమును జూచెను. తాను గాల్చినది సుద్దగీఁతను గాదు. తలగుడ్డ తీసి నమస్కరించు నా మొగమును.

ఆతని వదనమునఁ గలిగిన మార్పును వృద్ధుఁడు గనిపెట్టెను. పిస్తోలు నందుకొని గుడ్డతోఁ దుడిచి యొక ఱాతిపైఁ గూర్చుండి యిట్లు చెప్పెను.

"వర్తకుఁడు మీకుఁ జెప్పని సంగతి యొకటి కలదు. దీనిని నేను నరసోజి యనువానికి వెఱచి కొంటిని. ఇరువురము నొకే దారిని బస్సులు నడపెడివారము. ఏడేండ్లు వైరము సాగెను. ఒకనాఁడు వాఁడు స్వయముగ వచ్చి 'రెడ్డీ, నా కొడుకు పెండ్లి. గతము మఱచి రమ్ము' అని పిలిచెను. పోయితిని. ఏమైనను గానిమ్మని చొక్కాక్రింద దీనిని ధరించియే పోయితిని. పందిటిలో నందఱు చూచుచుండఁగా నరసోజి యెదురువచ్చి నన్నుఁ గౌఁగిలించుకొనెను. వాని చేయి నా నడుమునఁ దగిలెను."

"తరువాత?"

"చేతులు వెనుకకుఁ దీసికొనెను. నన్నుఁ బీటపైఁ గూర్చుండఁబెట్టి తానే వడ్డించెను. వాని యొంటిపై నుత్తరీయము తప్ప మఱియేమియు లేదు. మఱల నా మొగము చూడలేదు. మఱుసటియేఁడు కామెర్లతోఁ బోయెను. వాఁడు పోయి పదునొకండేండ్లు, అయ్యా. అయినను వాని కొడు కేమనుకొనుచున్నాఁడో యని నేఁటికిని దీనిని విడువలేకపోయితిని. ఇది మంచి పిస్తోలు. ఇందులో నబద్ధము లేదు. కొనఁదలఁచినఁ గొనుఁడు."

సుంకన్న యాలోచించి చెప్పెదనని సెలవు గైకొనెను. బస్సులోఁ గిటికీకడఁ గూర్చున్నను గాలి యాడలేదు. కొనకున్న నమస్కారము చంపును. కొన్న నుక్కు చంపును. రెండు గోడల నడుమ నిరుకుకొనిన బల్లివలె నాతని మనస్సు కొట్టుకొనుచుండెను.

మఱునాఁ డుదయమున వాకిలి తెఱచెను. అపరిచితుఁడు లేచి తలగుడ్డ తీసెను. "అయ్యా, నమస్కారము." సుంకన్న యెప్పటివలెఁ దలుపు వేసికొనలేదు. కొండమ్మ వెనుకనుండి "పోవలదు, నా మాట వినుఁడు" అని యుత్తరీయపుఁ జెంగు పట్టి లాగుచున్నను విడిపించుకొని వీథి దాఁటి యా బల్లపై వాని ప్రక్కనే కూర్చుండి రెండు టీలు దెమ్మని యంగడివానితోఁ జెప్పెను.

"నీ పేరేమి?"

వాఁడు తత్తఱపడి "మద్దిలేటి యందురయ్యా" అనెను. దగ్గఱనుండి చూడఁగా వాని యెడమచేతి మూఁడువ్రేళ్లు లేవు. గనిలో బండ పడి పోయినవనియుఁ బనికి రాకుండఁబోయిన తనకు దశరథప్ప యీ పని యిచ్చెననియు నడుగకయే చెప్పెను.

"నమస్కరించుటయే నీ పనియా?"

"అంతియే యయ్యా. వేఱొకటి చెప్పలేదు."

"చెప్పినచో?"

మద్దిలేటి టీగ్లాసులోనికిఁ జూచుచు "నా కిద్దఱు పిల్లలు, అయ్యా. ఆ మాట న న్నడుగవలదు" అనెను.

సుంకన్న తన గ్లాసును బల్లపై నుంచెను. "నిన్న నొక పిస్తోలు చేతఁ బట్టితిని. నిన్నుఁ దలఁచుకొని ఱాతిని గాల్చితిని. గుఱి తప్పలేదు."

మద్దిలేటి తలయెత్తి చూచెను. "ఎఱుఁగుదునయ్యా. సర్వేయరు తుపాకి కొనుచున్నాఁడు జాగ్రత్త యని గనివారు మొన్ననే చెప్పిరి. ఉట్టిచేతులతోఁ గూర్చుండవలదని యొక కత్తి యిచ్చిరి. అది మొదలు నాకుఁ గూడు సయింపదు. మీరు వాకిలి తెఱచినపు డెల్ల నాకుఁ బ్రాణము పోయి వచ్చుచున్నది."

"అది యిపుడును నీ నడుమున నున్నదా?"

"ఉన్నదయ్యా."

ఇరువురును వీథివంకఁ జూచుచు టీ త్రాగిరి. తాను బిస్తోలు కొఱకు వ్రాసిన యర్జీయే వాని నడుమునఁ గత్తియై మొలచినదని సుంకన్నకు గోచరించెను. తాను బిస్తోలు తెచ్చినచో వారు మఱియేమి తెత్తురో! ఆనాఁడే జిల్లా కచేరికిఁ బోయి యనుమతిపత్రమును మఱల నిచ్చివేసి రాళ్లగుడిపాటికిఁ దనకు వలదని యుత్తరము వ్రాసెను. ధైర్యము గలిగి చేసిన పని గాదు. వేఱొక దారి కనఁబడక చేసినది.

విచారణదినమున న్యాయస్థానమున వెనుకవరుసలో మద్దిలేటి నిలుచుండెను. ప్రతివాది పక్షపు వకీలు "సంవత్సరములు గడచినవి. మీ కొలత తప్పు గాఁగూడదా?" అని గద్దించెను. సుంకన్నకు వీఁపున నొక చూపు గ్రుచ్చుకొనుచున్నట్లు తోఁచెను. అయినను ముప్పదియొక సంవత్సరముల యలవాటు నోరు తెఱపించెను. "హద్దుఱాయి కదలినఁ గదలునుగాక, గొలుసు సాగలేదు. నలువదిరెండు సెంట్లు లోపలికిఁ ద్రవ్వినారు. అంగుళము తక్కువ గాదు." ఆ పలుకుల పిమ్మట మెట్లు దిగి వచ్చువఱకుఁ దాను బ్రతికియుండుట యాతనికే వింతగ నుండెను.

తీర్పు రైతులకు ననుకూలముగ వచ్చెను. టీయంగడి బల్లపైకి నాఁటినుండి యెవ్వరును రాలేదు. మద్దిలేటి యెచ్చటికిఁ బోయెనో, తానై పోయెనో పంపఁబడెనో, యేరికిని దెలియలేదు. సుంకన్న రెండు గ్రామములు తిరిగి విచారించెను గాని జాడ దొరకలేదు.

భయము పోయినదా యని యడిగినవారితో నాతఁడు లేదనియే చెప్పెడివాఁడు. అది పోవునది గాదనియుఁ దలుపు మూసినచో నెదపైఁ గూర్చుండుననియుఁ దెఱచినచో నరుగుపైఁ గూర్చుండుననియుఁ జెప్పి సాయంతనవేళ మనుమరాలిని దొడపైఁ బెట్టుకొని వీథివాకిటఁ గూర్చుండి ప్రక్కన నొక మనుష్యునికిఁ జాలినంత చోటు విడిచిపెట్టెడివాఁడు.