గంగకెల్తన్నాను

నేను ఒక బూటును. ఎడమకాలిది. కుడికాలిది నా పక్కనే ఉంది గానీ దానికి మొదట్నుంచీ మాటలు తక్కువ, కాబట్టి ఇద్దరి తరఫునా నేనే చెబుతాను. నున్నగా చెప్పడం నాకు రాదు. నా ముక్కులో ఇనప రేకుంది, అడుగున మందపాటి రబ్బరుంది. మెత్తదనం కోసం చేసిన వస్తువును కాను.

పుట్టింది ఆంబూరులో. తోళ్ళ ఊరు. నన్ను కుట్టినామె పేరు సెల్వి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎడమకాళ్ళు కుట్టేది. ఎడమకాళ్ళు మాత్రమే. కుడికాళ్ళు పక్క వరుసలో ఇంకొకామె కుట్టేది. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నా, నేనొక జోడు చేశానని ఇద్దరిలో ఒక్కరూ చెప్పుకోలేరు. మనుషులు పనిని ఇలా ముక్కలు చేసుకుని దానికి అభివృద్ధి అని పేరు పెట్టుకున్నారు. పని దిగాక సెల్వి తెగిన రబ్బరు చెప్పుకు పిన్నీసు గుచ్చుకుని ఇంటికి నడిచేది. నేను చూశాను.

అక్కణ్ణుంచి ముంబయి, ముంబయి నుంచి ఒక సరుకు ఓడ. మొదట నన్ను తొడిగినవాడు గోవా మనిషి, డెక్కు మీద పనివాళ్ళకు మేస్త్రీ. మోకాళ్ళు అరిగిపోయి ఓడ దిగాడు. పోతూ పోతూ నన్ను స్టోరు గదిలో గిరాటేశాడు. రెండోవాడు గరికిన ధనరాజు. శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు జాలరి. కొత్తగా చేరినవాడికి కొత్త జోడు ఇవ్వాలని కాగితం మీద ఉంది. కాగితం మీద చాలా ఉంటాయి. అతనికి నన్నిచ్చారు. నేను ఒక సైజు పెద్ద. రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసుకుని నన్ను నింపుకున్నాడు.

బూటుకు మనిషి మొహం తెలియదు, పాదం తెలుస్తుంది. ధనరాజు పాదం వెడల్పు. వేళ్ళు విచ్చుకుని ఉండేవి. తడి చెక్కను వేళ్ళతో పట్టుకుని నిలబడే అలవాటున్న పాదం. అలాంటి పాదాన్ని ఇనప డెక్కు మీదికి తెచ్చిందెవరు? వాళ్ళ ఊరి పక్కన ఒక మందుల కంపెనీ సముద్రంలోకి గొట్టం దింపింది. రెండేళ్ళలో చేప పోయింది. చేప పోయిన ఒడ్డున జాలరి ఏం చేస్తాడు? ఎవడి ఓడలోనో సుత్తి పట్టుకుంటాడు.

నిజంగా సుత్తే. ఆ చలికాలం మా ఓడ నార్వేకి పైన, ఉత్తరపు కొసన, చిన్న చిన్న రేవుల మధ్య తిరిగింది. అక్కడ డిసెంబరులో సూర్యుడు రాడు. మధ్యాహ్నం కాసేపు బూడిదరంగు వెలుతురు, అంతే. గాలి నీటికన్నా చల్లన కాబట్టి సముద్రం మీంచి పొగలు లేస్తాయి, పొయ్యి మీద గంజి కాగుతున్నట్టు. కాగుతున్నట్టుండే ఆ నీళ్ళలో మనిషి పడితే గంట బతకడు. ఎగిరిన తుంపర పడిన చోటే గడ్డ కడుతుంది. తాళ్ళు తొడలంత లావవుతాయి. మంచు పైన పేరుకునే కొద్దీ ఓడ తల బరువెక్కి తిరగబడుతుంది. అందుకని మనుషులు కర్ర సుత్తులతో పగలూ రాత్రీ దాన్ని కొట్టి సముద్రంలోకి తోస్తుంటారు.

పని దిగినవాడు లోపలికి పోవాలి గదా. ధనరాజు పోడు. కమ్మీ పట్టుకుని నిలబడి చూస్తుంటాడు. లోపల అతని వేళ్ళు కదులుతుంటాయి, ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు. ఓడలో తెలుగు తెలిసిన రెండో మనిషి వంటవాడు రాజమల్లు. కరీంనగర్ అవతల మెట్ట ఊరు. వంటగది గుమ్మంలోంచి గొణిగేవాడు.

"ఏం జూస్తున్నవ్ తమ్మీ, నీళ్ళే గద."

"నీళ్ళు కాదు మల్లన్నా. అడుగున సేప కదుల్తంది. వాసనొస్తంది."

"గీ సలిల ముక్కు ఉందో ఊడిందో ఎర్క లేదు, వాసనొస్తదట."

"మా గంగమ్మే ఇది. అక్కడ నీలం కోక కట్టింది, ఇక్కడ నల్లకోక."

"మా దిక్కు గంగమ్మ బోరుల ఉంటది. మూడు వందల ఫీట్లు తోడినా అలిగి రాదు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ సముద్రం మనిషిని చంపుతుందని ధనరాజుకు తెలుసు. అయినా చూడకుండా ఉండలేకపోయేవాడు. చేప ఉన్న నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో.

ఒక తుఫాను పట్టింది. దాని రెండో రోజు. ఓడ పక్కన వేలాడే నారింజరంగు పడవ ఒకటుంది, మనుషులు నీళ్ళలో పడితే తీయడానికి. దాన్ని బిగించిన తాళ్ళలో ఒకటి తెగింది. పడవ ఊగి ఊగి ఓడకు గుద్దుకుంటోంది. చీఫ్ ఆఫీసరు వచ్చి చూశాడు. డెక్కు మీద ఆ సమయానికి ఉన్నది ధనరాజు ఒక్కడే. పడవలోకెక్కి కొక్కెం బిగించమన్నాడు. నడుముకు కట్టుకునే తాడు అడిగాడు ధనరాజు. రెండు నిమిషాల పనికి తాడెందుకన్నాడు ఆఫీసరు. చలికి తట్టుకునే రబ్బరు సూటు తొడుక్కోవడానికి కూడా ఆ రెండు నిమిషాలే అడ్డం.

పనిముట్టు కోసం వంటగది ముందు నుంచి పోతూ ధనరాజు లోపలికి ఒక మాట వేశాడు.

"మల్లన్నా, గంగకెల్తన్నాను."

వాళ్ళ ఊళ్ళో పడవెక్కడాన్ని అలాగే అంటారు. ఆటో ఎక్కుతున్నా అన్నట్టు. రాజమల్లు ఊళ్ళో గంగలో కలవమనడం తిట్టు, గంగలో కలుస్తాననడం చావు మాట. ఇద్దరిదీ తెలుగే. రాజమల్లు ఉలిక్కిపడి తలెత్తేసరికి అతను వెళ్ళిపోయాడు. పొయ్యి మీద గిన్నె జారుతుంటే దాన్ని పట్టుకున్నాడు రాజమల్లు.

పడవ దగ్గరికొచ్చి ధనరాజు వంగాడు. నా తాళ్ళు విప్పాడు. అంత గాలిలో, చేతులు కొయ్యబారిపోయి, విప్పాడు. నన్నూ నా జోడునూ గాలి తగలకుండా యంత్రం పెట్టె చాటున పక్కపక్కన పెట్టాడు, ముక్కులు సముద్రం వైపు. పడవ అంచును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, మేజోళ్ళ కాళ్ళతో లోపలికెక్కాడు.

కొక్కెం బిగించడం అయ్యేదే. అప్పుడొక అల వచ్చింది. కొండంత అని చెప్పను, కొండ కదలదు. అది పడవను తాడుతో సహా తెంపుకుని పోయింది. పోతున్న పడవలో ధనరాజు నిలబడే ఉన్నాడు, వేళ్ళు పడవ అడుగుకు అతికించుకుని. నేను చూశాను. ఆఫీసరూ చూశాడు.

ఆఫీసరు కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్ళి, ఖాళీ పడవ కొట్టుకుపోయిందని పుస్తకంలో రాశాడు. గంటన్నర పోయాక, ఒక మనిషి కనబడటం లేదని రాశాడు. రెండు వాక్యాలు. మధ్యన గంటన్నర. ఆ సందులో ఒక మనిషిని ఎంత తేలిగ్గా దాచెయ్యొచ్చో చూశారా.

హెలికాప్టరు వచ్చింది. మనిషి పడవలో ఉన్నాడా, నీళ్ళలోనా అని రేడియోలో అడిగారు. నీళ్ళలో, అన్నాడు ఆఫీసరు. నీళ్ళలో అయితే ఓడ చుట్టుపక్కల వెతకాలి, గంట రెండు గంటలు. పడవలో అయితే గాలి పోయిన దిక్కుగా, చాలా దూరం, రోజుల తరబడి. వాళ్ళు మూడు గంటలు వెతికి వెళ్ళిపోయారు. తప్పు వాళ్ళది కాదు. అడగాల్సింది అడిగారు.

ఈ లోపల తుంపర నా మీద పడి గడ్డ కట్టింది. నన్ను డెక్కుకు అతికించేసింది. మర్నాడు ఓడ రేవు చేరింది. పోలీసామె ఎక్కింది, నెమ్మదైన మనిషి. మంచులో బిగుసుకుని, జతగా, సముద్రం వైపు మొహం పెట్టి ఉన్న మమ్మల్ని చూసి ఆగిపోయింది. జోడు సర్ది పెట్టి దూకినవాళ్ళను ఆమె ఇదివరకు చూసి ఉంటుంది. ఫొటో తీసింది. సుత్తితో మంచు కొట్టించి మమ్మల్ని విడిపించింది. ధనరాజు నెల రోజులుగా తిప్పిన సుత్తే అది.

వంటవాణ్ణి అడిగింది. రాజమల్లు ఏడుస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టే చెప్పాననుకున్నాడు. సముద్రంలో కలిసిపోతానని నాతో చెప్పిపోయిండు మేడం, అన్నాడు. అబద్ధం చెప్పినవాడు ఆఫీసరొక్కడే. కానీ ఆ అబద్ధాన్ని నిలబెట్టింది ఒక మంచివాడి కన్నీళ్ళూ, నేనూ. కాగితం మీద ఆత్మహత్య అని పడింది.

పడవ పోయిన మూడో రోజు పొద్దున ధనరాజు భార్యకు వీడియోలో ఫోను చేశారు. నూకరత్నం. మాట అటూ ఇటూ చేరవెయ్యడానికి రాజమల్లును కూర్చోబెట్టారు. బల్ల మీద నేను నీళ్ళు కారుతూ ఉన్నాను. పోలీసామె నన్ను ఫోను ముందుకు జరిపింది.

"గీ బూట్లు మీ ఆయనయేనా చెల్లె?"

"మా మావవే. ఎక్కడున్నాయవి?"

"డెక్కు మీద. అంచు కాడ, మిషన్ డబ్బ చాటుకు, జోడు గూడబెట్టి ఉండె."

"ఆ పక్కన పడవుందేటి?"

"ఉండె. గది ముందుగాల్నే కొట్టుకపోయిందంటుండ్రు."

"ముందెలా పోద్ది బాబూ. మావ పడవెక్కినాడు. జోళ్ళతోటి పడవెక్కితే గంగమ్మ నెత్తి మీద కాలెట్టినట్టే. మావోలెవులూ అలగ ఎక్కరు. దరినొగ్గీసి ఎక్కుతారు, మల్లొచ్చి ఏసుకుంతారు. సచ్చిపోడానికెల్లినోడు గాలి తగలకుండా జోళ్ళు సర్దుకుంతాడేటి?"

"మరి నాతోని గంగల కలుస్త అన్నడు గద చెల్లె."

"కలుస్తానన్నాడా, ఎల్తన్నానన్నాడా?"

రాజమల్లు ఆ మాటను పెదాల మీదే మళ్ళీ ఒకసారి అనుకుని చూశాడు.

"ఎల్తన్నా అన్నడు."

"గంగకెల్తన్నానంటే పడవెక్కుతున్నానని బాబూ. రోజూ నాతో సెప్పిన మాటే." ఆమె గొంతు అప్పటిదాకా గట్టిగానే ఉంది. ఇప్పుడు తొందరపడింది. "ఎతకమను. పడవుంటే మావ బతుకుతాడు. కాసిన్ని రోజులాగుతాడు. ఎతకమని సెప్పు."

రాజమల్లు మెడలోని వంటగుడ్డతో మొహం తుడుచుకుని పోలీసామెకు చెప్పాడు. ఈసారి తప్పు పోకుండా, ఒక్కొక్క మాటా రెండేసిసార్లు. ఆమె వింటూనే ఫోను అందుకుంది. హెలికాప్టర్లు గాలి పోయిన దిక్కుకు బయల్దేరాయి.

నాలుగో రోజు పడవ దొరికింది. మనుషులు లేని ఒక రాతి దీవికి కొట్టుకుని ఉంది. ధనరాజు అందులోనే ఉన్నాడు. తెగిన తాడుతో తనను తాను పలకకు కట్టుకున్నాడు. చొక్కా చింపి పాదాలకు చుట్టుకున్నాడు. రెండో రాత్రి దాకా బతికే ఉన్నాడని డాక్టరు రాశాడు. రెండో రాత్రి దాకా. హెలికాప్టరు తిరిగి వెళ్ళిపోయింది మొదటి రోజే.

ఆత్మహత్య అన్న మాట కొట్టేశారు. ఆఫీసరు వేరే ఓడకు మారాడు. కొన్నాళ్ళకు ఓడ యజమానుల నుంచి కొత్త కాగితం తయారైంది: మృతుడు ఎవరి ఆజ్ఞా లేకుండా, సొంత నిర్ణయంతో పడవలోకి ఎక్కాడు, ఆ సమయంలో భద్రతా బూట్లు ధరించలేదు. చూడండి, చివరికి తప్పు గంగమ్మకు దండం పెట్టిన కాళ్ళది. తాడివ్వని చేతి ఊసే లేదు. చదివి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమని దాన్ని నూకరత్నానికి పంపారు.

ఆమె సంతకం పెట్టలేదు. ఎవరు ఎక్కమంటే ఎక్కాడో ఆ పేరు రాసి పంపమని తిప్పి కొట్టింది. మళ్ళీ పంపారు, అదే కాగితం, నున్నటి కవరులో. మళ్ళీ తిప్పి కొట్టింది. పెద్ద మనుషులు నచ్చజెప్పారట. ఆమె వాళ్ళనూ అదే అడిగిందట, పేరేదని.

నేను ఆ ఉత్తరపు రేవులో పోలీసుల గిడ్డంగిలో, ఒక ఇనప అర మీద ఉన్నాను. మెడకు చీటీ కట్టారు. నా తోలు పగిలింది, తాళ్ళు ఉప్పుకు కొరడాల్లా బిర్రబిగిశాయి. బయట గాలి లేచినప్పుడు రేకుల కప్పు కొట్టుకుంటుంది. కేసు మూసేదాకా నన్ను పారెయ్యకూడదన్నది ఇక్కడి నియమం. ఆమె సంతకం పడేదాకా కేసు మూయలేరు. ఆరేళ్ళయింది. ఏడాదికోసారి ఒక గుమాస్తా వస్తాడు, చీటీ చూస్తాడు, ఇంకా ఉన్నావా అన్నట్టు మొహం పెట్టి పోతాడు.

పెట్టకమ్మా నూకరత్నం. నేనిక్కడే ఉంటాను.