జరగని గ్రామసభలు

తీర్మానాల పుస్తకం చూసినప్పటి నుంచి ప్రవల్లికకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు.

ఆమె విశాఖలో లా కాలేజీ లెక్చరర్. రాజ్యాంగ సవరణ ఆడవాళ్లకు ఇచ్చిన సర్పంచ్ పదవుల్లో అసలు అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఆమె పీహెచ్‌డీ అంశం. మూడేళ్లలో ఇరవై రెండు ఊళ్లు తిరిగి, జంకు లేకుండా రాసింది. "మీ సొంత ఊరు ఎందుకు లేదమ్మా?" అని గైడ్ అడిగేదాకా ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఆగిరిపల్లి దగ్గరున్న ఆ ఊరికి ఆమె తండ్రి లక్ష్మీనరసింహారావు ఉపసర్పంచ్. సర్పంచ్ దుర్గ, ఆయన మామిడితోటలోనే కూలి చేసుకునే మనిషి.

ఊరికొచ్చి పంచాయతీ ఆఫీసులో చూసిన ఆ పుస్తకంలో నాలుగేళ్లకు ఎనిమిది గ్రామసభలు రాసి ఉన్నాయి. ప్రతిదాని కిందా దుర్గ సంతకం. ఐదో సభ తేదీ దగ్గర ప్రవల్లిక చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు చెల్లెలు తేజస్వి పెళ్లి. ఊరంతా తమ ఇంట్లోనే భోంచేసింది.

"నాన్నా, ఈ సభలు నిజంగా జరిగాయా?"

"పనులేమైనా ఆగాయా? రోడ్డు పడింది, లైట్లు వెలుగుతున్నాయి."

"కాలనీకి మంచినీళ్లో?"

"వస్తాయిలే. నీ చదువుకి మన ఊరే దొరికిందా అమ్మాయ్?"

ఆమె డాబా మీదికి వెళ్లి అటూ ఇటూ తిరిగింది. గ్రామసభ పెట్టకపోతే చట్టప్రకారం పదవి పోయేది సర్పంచ్‌కి. ఉపసర్పంచ్‌కి ఏమీ కాదు. తను నిజం రాస్తే దెబ్బ తినేది దుర్గ. రాయకపోతే, మిగతా ఇరవై రెండు ఊళ్ల గురించి రాసే మొహం తనకెక్కడుంది?

తెల్లారి స్కూటీ తీసుకుని తోటకు వెళ్లింది. కోసిన బంగినపల్లి కాయలకు అంటిన సొన తుడుస్తోంది దుర్గ.

"దుర్గ గారూ, ఒక మాట చెప్పాలి."

ఆ తోటలో తనని 'గారూ' అని పిలిచినవాళ్లు లేరు. దుర్గ అటూ ఇటూ చూసి లేచి నిలబడింది. ప్రవల్లిక సంగతంతా చెప్పింది.

"తెలుసండీ. పదవి పోద్దని సెక్రటరీ గారు మొదటి ఏడే చెప్పారు. అందుకే గదండీ, పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాను."

"మరి నన్నేం చేయమంటారు?"

దుర్గ ఇంకో కాయ అందుకుంది. "రాయండి. ఈలోగా నేనొక సభ పెడతాను. నిజంది. ఎలా పెట్టాలో చెప్పండి."

"నోటీసు మీద మీ సంతకం చాలు. ఎవరినీ అడగక్కర్లేదు."

"ఎవరినీనా? అయ్యగారిని కూడానా?"

శుక్రవారం పదింటికి సభ అని పంచాయతీ నౌకరు మల్లయ్య ఊళ్లో చాటింపు వేశాడు. గురువారం సాయంత్రం లక్ష్మీనరసింహారావు దగ్గర్నుంచి కూలీలకు కబురు వెళ్లింది: రేపు నూజివీడుకి లోడు వెళ్లాలి, ఆరింటికే కోత, రానివాళ్లు మర్నాటి నుంచి రానక్కర్లేదు.

పదింటికి పంచాయతీ ఆఫీసులో దుర్గ, ప్రవల్లిక, సెక్రటరీ రమేష్, నలుగురు ముసలమ్మలు ఉన్నారు. రమేష్ వాచీ చూసుకున్నాడు.

"జనం రాలేదని రాసేద్దామా అండీ?"

దుర్గ పుస్తకం తీసి చంకలో పెట్టుకుంది. "జనం ఎక్కడున్నారో నాకు తెలుసు."

"నోటీసులో ఆఫీసు అని ఉంది. చోటు మారిస్తే రేపు ఎవరైనా అభ్యంతరం పెడతారు," అంది ప్రవల్లిక కంగారుగా.

"ఇక్కడ మొదలుపెట్టి తోటకి వాయిదా వేశామని రాస్తే?"

ప్రవల్లిక తనకు తెలిసిన సెక్షన్లన్నీ మనసులో తిరగేసింది. "కూడదని నేనెక్కడా చదవలేదు."

వాళ్లు వెళ్లేసరికి తోటలో కోత జోరుగా సాగుతోంది. కాయల కుప్ప పక్కన కుర్చీలో ఉన్నాడు లక్ష్మీనరసింహారావు.

"ఏంటి దుర్గా ఇది, కోత టైములో?"

"గ్రామసభండీ. ఉపసర్పంచ్ గారు, మీరూ ఉండాలి."

ఎప్పుడూ 'అయ్యగారూ' అనే మనిషి. కూలీలు కాయలు కోసే చిక్కం గడలు పట్టుకుని చెట్ల కిందే నిలబడిపోయారు. ఎవరూ కదల్లేదు. చివరికి కాలనీ నుంచి వచ్చిన రిబ్కమ్మ నెత్తిమీది గంప దించింది.

"మా కాలనీకి మంచినీళ్ల పైపు ఎప్పుడేస్తారో చెప్పండి సర్పంచ్ గారూ."

ఆ తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. పైపు తీర్మానానికి అరవైమందికి పైగా చేతులెత్తారు. లక్ష్మీనరసింహారావు ఎత్తలేదు. వెళ్లిపోనూ లేదు. అంతా అయ్యాక, కూతురి వంక చూడకుండా బండెక్కాడు.

పాత సభల మీద ఎవరో అర్జీ పెడితే దుర్గకు నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు జవాబిచ్చింది. విచారణ ఇంకా తేలలేదు. పైపు కోసం గోతులు తవ్వుతున్నారు, కాలనీ దాకా రాలేదు.

ప్రవల్లిక ఆ అధ్యాయం రాసింది. ఈ ఊరి ఉపసర్పంచ్ నా తండ్రి అన్న వాక్యంతో మొదలుపెట్టి, తండ్రికి ఒక కాపీ పంపింది. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు క్లాసుకి వెళ్లబోతుంటే ఫోన్ వచ్చింది.

"రెండో సభ జరిగింది," అన్నాడాయన. "వానొచ్చి మధ్యలో లేచిపోయాం. ఎనిమిదీ జరగలేదని రాశావు."

ఆమె వెంటనే దుర్గకు ఫోన్ చేసింది.

"అవునండోయ్, పావుగంట జరిగింది. నేనూ మర్చేపోయాను."

ప్రవల్లిక క్లాసు సంగతి మరిచిపోయి, స్టాఫ్ రూములో నిలబడే ఆ పేజీ తెరిచింది. ఎనిమిది కొట్టేసి ఏడు అని దిద్దింది. ఇంకెక్కడెక్కడ తప్పు రాశానో అనుకుంటూ, మిగతా ఇరవై రెండు ఊళ్ల కాగితాలూ బయటికి తీసింది.