మా ఆవిడకు జరగని ఆపరేషన్

మా ఊళ్ళో అబద్ధమాడితే అది ఒంటి మీద బట్టలున్నంత సేపే నిలుస్తుంది. ఈతకొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలోకి ఎవరు దిగాలన్నా, ముందు నూలుపోగు లేకుండా నలుగురి మధ్యా సబ్బు రుద్దుకోవలసిందే. ఐస్‌లాండ్‌లో అందరూ అంతే. ఇది పుట్టినప్పటి నుంచీ తెలిసిన నేను, నా భార్య స్వాన్లౌగకు పొట్ట కోసి గాల్ బ్లాడర్ తీసేశారని ఊరంతా చెప్పాను. నాకంటే తెలివితక్కువవాడు ఈ తీరంలో పుట్టలేదు.

నిజానికి ఆమెకు వచ్చింది డిప్రెషన్. నవంబరులో మంచం దిగడం మానేసింది, తర్వాత తిండి మానేసింది. పెద్దాసుపత్రి మానసిక విభాగంలో ఆరు వారాలు ఉంచారు. రోజూ పొద్దున్నే మాతో తొట్టిలో కూర్చునే మత్‌హిల్డర్, ఔస్‌ముండర్ ఏమైందని అడిగితే, నా నోటికి ఆ మాట రాలేదు. గాల్ బ్లాడర్ వచ్చింది. చూడ్డానికి వెళ్తామన్నారు. డాక్టర్లు ఎవర్నీ రానివ్వడం లేదన్నాను. మత్‌హిల్డర్ జాలిపడి గొర్రెమాంసం పులుసు పంపింది. సిగ్గు లేకుండా తిన్నాను.

ఇంటికొచ్చాక స్వాన్లౌగ తొట్టి ఊసెత్తలేదు. నాకూ అదే కావాలి. చూడ్డానికి వస్తామన్నవాళ్ళకి కుట్లింకా ఆరలేదన్నాను. మూడో వారం, ఒకనాడు బూట్లు తొడుక్కుంటూ "ఇవాళ నేనూ వస్తా" అంది.

"మంచు పడుతోంది."

"నేను పుట్టినప్పట్నుంచీ పడుతూనే ఉంది."

"నీరసంగా ఉంటుందేమో..."

"హాఫ్లిడీ, వాళ్ళని ఒక్క మాట అడగాలి. అడిగేసి వచ్చేస్తా. మళ్ళీ ఆ మొహాలు చూడను."

ఏం మాటో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

ఆడవాళ్ళ స్నానాల గది దగ్గర మత్‌హిల్డర్ ఆమెను కావలించుకుని, తను వద్దంటున్నా వినకుండా లోపలికి లాక్కుపోయింది. నేను తొట్టిలో కుడితిలో పడ్డ ఎలుకలా కూర్చున్నాను. ఎదురుగా ఔస్‌ముండర్. ఎనభై ఏళ్ళ మాజీ జాలరి, ఒంటి మీద కుట్లు పడని చోటు లేదు.

"ఎంత పొడుగు కోశార్రా? నా హెర్నియా కోతంత ఉంటుందా?"

"అంత ఉండదులే" అన్నాను. ఆ ఒక్కటీ నిజమే.

ఆడవాళ్ళిద్దరూ బయటికొచ్చారు. మత్‌హిల్డర్ నన్నే చూస్తూ నీళ్ళలోకి దిగింది.

"ఒరే హాఫ్లిడీ, ఈవిడ పొట్ట నా పొట్టకంటే నున్నగా ఉంది. అడిగితే గాల్ బ్లాడర్ ఏంటంటోంది."

స్వాన్లౌగ ఇంకా మెట్టు మీదే నిలబడి ఉంది. జుట్టు మీద మంచు పడుతోంది.

"ఆసుపత్రిలో రోజూ మూడింటికి చూడ్డానికి వచ్చేవాళ్ళని లోపలికి వదిలేవారు. రోజూ తల దువ్వుకుని కూర్చునేదాన్ని. పిచ్చాసుపత్రిలో ఉన్నానని మీరు రాలేదనుకున్నా. శనివారాల్లో హాఫ్లిడి వస్తే, మీరు నా గురించి అడిగారా అనేదాన్ని. కిటికీలోంచి బయటికి చూసేవాడు."

"సిగ్గేసింది" అన్నాను.

"ఈవిడ గురించా?" అన్నాడు ఔస్‌ముండర్.

"నా గురించే. ఒకే మంచం మీద పడుకుంటూ కూడా తన బాధ కనిపెట్టలేదు."

ముసలాయన మొహం కడుక్కున్నాడు. "మా అన్నకీ ఇదే వచ్చింది. మా అమ్మ నడుంనొప్పని చెప్పింది. పాపం, ఊరంతా వాడి నడుముకి తైలాలు తెచ్చిచ్చారు. ఒక్కడూ వాడితో కూర్చుని మాట్లాడలేదు."

మత్‌హిల్డర్ స్వాన్లౌగ చెయ్యి పట్టి నీళ్ళలోకి దింపి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"మళ్ళీ వస్తుందా అది?"

"రావచ్చన్నారు."

"వస్తే నాకు ఫోన్ చెయ్. ఈ వెధవకి మాత్రం చెప్పకు, ఈసారి కిడ్నీ తీయించేస్తాడు."

స్వాన్లౌగ నవ్వింది. నవంబరు తర్వాత అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. తొట్టిలో అదో సుఖం, ఎవరికీ తెలియదు.

"రోజూ నీ గురించి అడిగారు" అన్నాను ఆమెతో. "నేను నీళ్ళలో కాలు పెట్టకముందే అడిగేవాళ్ళు."

ఆమె నావైపు తిరిగింది. కోపంగా కూడా లేదు.

"ఆ ముక్క అక్కడ చెప్పుంటే, రెండు వారాలు ముందే ఇంటికొచ్చేదాన్ని" అంది.