తెల్లబట్టల గుట్టు చెప్పిన టీవీ

నేను ఒక టీవీని. చెన్నై పక్కన ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, గాజువాకలో ఒక క్షౌరశాలలో నాలుగేళ్లు క్రికెట్ చూపించి, సెకండ్ హ్యాండులో సింహాద్రి ఇంటికి చేరాను. సొంతంగా అబద్ధమాడే తెలివి నాకు లేదు. ఎవరో ఆడింది చూపిస్తాను, అంతే.

సింహాద్రి, అతని భార్య డోర్కా క్రైస్తవుల్లో మోర్మన్ అనే సంఘంవాళ్లు. సింహాద్రి తల్లి పైడమ్మ అమ్మవారి భక్తురాలు. ఎవరి దేవుడు వారికి ఉన్నా, అత్తాకోడళ్లు పాలూ నీళ్లలా కలిసిపోయారు. డోర్కాకు ఒకటే పట్టింపు. తమ పవిత్ర మందిరంలో ప్రమాణం చేసినప్పటి నుంచి తొడుక్కుంటున్న తెల్లని లోబట్టలను నలుగురి కంట పడనివ్వదు, గదిలోనే ఆరేస్తుంది. మందిరంలో జరిగే క్రతువు గురించి మాట్లాడదు. పైడమ్మ కూడా ఎన్నడూ అడగలేదు.

సింహాద్రి పనిమీద వేరే ఊరెళ్లిన వారంలో, ఒక సాయంత్రం ఆరున్నరకు నాలో ఒక కార్యక్రమం మొదలైంది. ఎర్రటి వెలుగు, డప్పు, ముసుగులేసుకున్న నటులు. మోర్మన్ల రహస్య పూజ ఇదేనంది ఒక బొంగురు గొంతు. ఆ సెట్టు వేసినవాళ్లలో మందిరం గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు. తెల్లబట్టలను దగ్గరగా చూపించి, అవి చేతబడి బట్టలన్నారు. పైడమ్మ వక్క నమలడం ఆపేసింది. నాకు సిగ్గేసింది. అయినా వెలుగుతూనే ఉన్నాను.

"బట్టలు ఎండలో ఆరెయ్యవేటే? ఏటి దాసుతున్నావు?" అంది మర్నాడు.

"దాపరికం కాదత్తా. అవి పవిత్రమైనవి."

"అలగైతే ఆ గుడిలో ఏటి సేసినారో సెప్పు."

"సెప్పనని దేవుడికి మాటిచ్చినానత్తా."

మాట తప్పితే అత్త దక్కేది. డోర్కా తప్పలేదు. పైడమ్మ ఆనాటి నుంచి కోడలు వండింది ముట్టలేదు. ఆ కార్యక్రమంలో నా తెర అడుగున పాకిన నంబరుకు పక్కింటివాళ్ల చేత ఫోన్ చేయించింది.

కెమెరా వచ్చింది. గుమ్మంలో మైకులు మూతికి తాకుతుంటే డోర్కా, "మాయత్తకి మాత్రలేసే ఏలయింది, ఎల్లండి బాబూ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పైడమ్మ పక్కనే నిలబడి వింది.

గురువారం అదంతా నాలోనే వచ్చింది. డోర్కా ముఖం చుట్టూ ఎర్ర గీత. వీధి పేరు, ఇంటి గుమ్మం స్పష్టంగా కనిపించాయి. ఆమె పెదాలు కదిలాయి గాని మాట లేదు. మాట ఉండవలసిన చోట డప్పు.

పైడమ్మ లేచి వచ్చి నా అద్దం మీద చెయ్యి పెట్టింది. "నా మాత్రల మాట సెప్పింది గదా. నానిన్నాను. అదేదీ?"

నా దగ్గర ఉంటే ఇచ్చేవాడిని. దాన్ని ఎక్కడో కోసేసి పంపారు.

ఆవిడ నన్ను కట్టేసింది. డప్పు ఆగలేదు. పక్కింట్లో, ఎదురింట్లో, మేడ మీద అదే మోగుతోంది. తర్వాత ఒక్కొక్క ఇంట్లో ఆగుతూ వచ్చింది. వీధిలో గేట్లు తెరుచుకున్నాయి, చెప్పుల చప్పుడు దగ్గరైంది. వంటింట్లోంచి వస్తున్న డోర్కాను వెనక్కి నెట్టి, పైడమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అంతా అబద్ధం. మా కోడల్ని నానెరుగుదును" అంది.

"నువ్వు తప్పుకో పైడమ్మా," అన్నారు బయట ఎవరో. "టీవీలో సూపించినారు."