ఎటు తిప్పినా ఒకటే పాట

మా తోటికోడలు వయొలిన్ భుజానికెత్తుకుంటే చాలు, నాకు కడుపులో మంట మొదలవుతుంది. దాచుకోవడం నాకు చేతకాదు. నాకంటే చిన్నది. ఈ ఇంటికీ నా తర్వాతే వచ్చింది, మామగారి బృందంలోనూ నా తర్వాతే చేరింది. అయినా కచేరీ అయ్యాక జనం చుట్టుముట్టేది దాన్నే. నేను పక్కన కూర్చుని నా వయొలిన్ పెట్టె సర్దుకుంటూ ఉంటాను.

ఈమధ్య మామగారికి వేళ్ళు వణుకుతున్నాయి. ఇక మొదటి కుర్చీ వదిలేస్తానన్నారు. మా బృందంలో ఆ కుర్చీ అంటే మాటలు కాదు. ఏ పాట ఎంత వేగంగా నడవాలి, ఎవరెక్కడ కూర్చోవాలి, అన్నిటికీ అందులో ఉన్నవాళ్ళ మాటే ఆఖరి మాట. ఇన్నేళ్ళుగా ఆ కుర్చీ పక్కనే కూర్చుంటున్నదాన్ని, అది నాకు రావాలా వద్దా?

మామగారికి తిరకాసులంటే పిచ్చి. మా ఇద్దరి కోసం ఒక పాట కట్టి, గీతల మీద చుక్కలుగా ఆ స్వరాలు రాసిన కాగితాన్ని సాధన గదిలో బల్ల మధ్యన పరిచారు. బల్లకు అటు తోటికోడలు, ఇటు నేను. ఎవరివైపు నుంచి వాళ్ళం చదువుకుని, ఒకరి తర్వాత ఒకరం వాయించాలి. ముందు అది ఎత్తుకుంది. పాట ఎంత బాగుందో! నావైపు ఏముందో చూసుకోనైనా లేదు నేను.

“మంచి వైపు దానికిచ్చారు. అటు నేను నిలబడతాను,” అన్నాను.

మామగారు సరేనన్నారు. వెళ్ళి చూస్తే అవే స్వరాలు. తలకిందులు చేసి చదివినా అదే పాట వచ్చేలా కట్టారట. తోటికోడలు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఉదయం ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి, తలుపేసి, అదే పాట విడివిడిగా వాయింపించి ఫోన్లో రికార్డు చేశారు. తర్వాత ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“ఏది ఎవరిదో నేను చెప్పను. ఏది బాగుందో మీరే చెప్పండి. ఇద్దరి మాటా ఎవరిమీద కలిస్తే వాళ్ళదే కుర్చీ.”

మొదటిది మొదలైంది. పాట మలుపు తిరిగే చోట కమాను తీగ మీద ఎంత మెల్లగా సాగిందో! ఇంత బాగుందంటే ఇంకెవరిది? దానిదే. ఇలా వాయించడం నాకీ జన్మలో రాదని లోలోపల ఒప్పేసుకున్నాను. రెండోది శుభ్రంగా ఉంది, అంతే. ఇదీ నా బతుకు అనుకున్నాను.

“రెండోది బాగుంది,” అన్నాను ఠక్కున.

“మొదటిది,” అంది తోటికోడలు.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మొదటిది పెద్దదానిది, రెండోది చిన్నదానిది. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళదే బాగుందన్నారు! నా కోడళ్ళు బంగారం.”

అయితే అంతసేపూ నేను కుళ్ళుకున్నది నన్ను చూసేనా?

“అక్క వాయిస్తే నాకు తెలీదా మామయ్యగారూ? ఎత్తుకోగానే పట్టేశాను,” అంది తోటికోడలు. నా చెయ్యి నాకే తెలియలేదు, దానికి తెలిసింది.

“కానీ ఇక్కడో చిక్కుంది,” అన్నారు మామగారు. “పెద్దదాన్ని కూర్చోబెట్టాననుకో. కుర్చీలో ఉన్నవాళ్ళ మాట చెల్లాలి. దాని మాట ప్రకారం చిన్నదే కూర్చోవాలి. పోనీ చిన్నదాన్ని కూర్చోబెడితే? దాని మాట ప్రకారం పెద్దది కూర్చోవాలి. ఇక దీనికి అంతెక్కడ?” ఆయన మొహంలో ఎక్కడలేని సంతోషం. “పెద్దమ్మాయ్, నువ్వు మాట మార్చుకుని మొదటిదే బాగుందను చాలు. కుర్చీ నీదే.”

నోటిదాకా వచ్చింది. కానీ ఇప్పుడలా అంటే ఇందాక అబద్ధమాడానని తేలిపోతుంది, ఎందుకాడానో కూడా. తోటికోడలు నావైపే చూస్తోంది. దాని ముందు పరువు పోగొట్టుకోవడం కంటే చావు నయం.

“రెండోదే బాగుంది మామయ్యగారూ.”

“ఇంత గట్టిగా అంటున్నావు కాబట్టి నీ మాటే నిలబెడతా,” అని ఆయన చిన్నదాన్ని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. నా నోటితో నేనే ఇచ్చేసుకున్నాను. ఏడుద్దామన్నా వీల్లేదు, అందరికీ నేను బంగారాన్ని కదా.

తోటికోడలు తీరిగ్గా తీగలు సరిచేసుకుంది. “మామయ్యగారూ, ఇందులో కూర్చున్నవాళ్ళదే ఆఖరి మాట కదా?”

“అంతే కదమ్మా.”

“అయితే అక్కా, లే. ఇక్కడ నువ్వే కూర్చోవాలి.”

అని లేచి నిలబడింది. ఎదురు చెప్పడానికి లేదు. వెళ్ళి కూర్చున్నాను. అది దిండు సర్దుతున్నట్టు వంగి, “మొదటిది నాదనుకున్నావు కదక్కా?” అంది నా చెవిలో, నవ్వకుండానే.

దిండు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనానికి కూడా ఒళ్ళు మండింది నాకు.