ముంగిలి ఊడ్వని పొద్దు

నేను ఒక కత్తిపీటను. లారీ కింద విరిగిన కమాను పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో చావగొట్టి, నీళ్ళలో ముంచి నాకు ప్రాణం పోశారు. ఇనుము నీళ్ళలో పడ్డప్పుడు చుయ్‌మని ఒక కేక వస్తుంది. అది నా పుట్టేడుపు. ఆ తర్వాత తుమ్మచెక్క పీటలోకి నన్ను దిగ్గొట్టి, కమ్మరి తన బొటనవేలితో అంచు చూసుకుని, చుక్క నెత్తురు రాగానే తృప్తిగా నవ్వాడు. పుట్టగానే రుచి చూసింది మనిషి నెత్తురే గాని నాకు గర్వమేమీ లేదు. వంకాయంత నున్నగా ఉండదది.

నన్ను కొన్నది పెళ్ళి సారెలోకి. విజయనగరం కాలేజీలో బీకాం చదివిన మంగవేణి అనే అమ్మాయి భీమిలి దగ్గర సముద్రపుటొడ్డు ఊరికి కాపురానికి వస్తూ, చలిమిడి బిందె పక్కన, పాత చీరముక్క చుట్టుకుని కూర్చున్న నన్ను తెచ్చుకుంది. దారిపొడుగునా బస్సు కుదిపిన ప్రతిసారీ ఆ పిల్ల చీరముక్క సర్ది, "తెగిపోద్ది, జాగ్రత్త" అనేది. బిందెతో అనేదో, పక్కనున్న మొగుడితో అనేదో తెలియదు. మొగుడు మాత్రం ప్రతిసారీ నవ్వేవాడు.

అతని పేరు తవిటినాయుడు. సముద్రం మీద దొంగసరుకు తెచ్చే మరబోట్లను పట్టుకునే గస్తీ పడవలో ఉద్యోగం. ఇంట్లో అతని తల్లి పైడమ్మ, అన్న దాలినాయుడు. అంతే సంసారం. అందరిలోకీ గట్టి ఈతగాడు దాలినాయుడే. గస్తీ ఉద్యోగానికి అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. అన్న ఎడమకంట్లో పువ్వుందని పక్కన నిలబెట్టి తమ్ముడికి టోపీ ఇచ్చారు. ఆ పువ్వు చూసే వచ్చిన సంబంధాలూ తిరిగిపోయాయి. అందుకే తమ్ముడి పెళ్ళి ముందు జరిగింది. దాలినాయుడు పెళ్ళిలో అందరికంటే ఎక్కువ పనిచేశాడు, అందరికంటే తక్కువ మాట్లాడాడు. ఇప్పుడు పగలంతా అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తాడు.

నా చోటు వసారాలో. వంట అక్కడే, ముంగిలి ఎదురుగా కనిపిస్తుంది. ఆహా, ఆ మొదటి రోజులు! లేత బెండకాయ నా మీదికి రాగానే చిటుక్కుమనేది. గుమ్మడి పండు పగిలితే లోపల చిన్న సూర్యోదయం. వంజరం చేప మెడ దగ్గర నాకు నిజంగా ఒళ్ళు పులకరించేది. మంగవేణి నా పీట మీద ఒక మోకాలు మడిచి కూర్చుని పచ్చిమామిడి కోస్తే, తవిటినాయుడు వెనకనుంచి వచ్చి ఉప్పూకారం అద్దిన ముక్క ఎత్తుకుపోయేవాడు.

"వేలు తెగితే నాది కాదు పూచీ."

"తెగితే నువ్వే కట్టు కడతావు గదా."

"కట్టను. మీ అమ్మతో చెప్తాను, కోడలి ముక్కలు దొంగిలించాడని."

పని అయ్యాక నన్ను పక్కకు పడుకోబెట్టేవారు, నిలబెట్టి వదిలితే ఎవరి కాలైనా తెగుతుందని. మనుషులు కత్తిపీట విషయంలో చాలా జాగ్రత్తపరులు. కోపాన్ని మాత్రం నట్టింట్లో నిలబెట్టే వదిలేస్తారు.

తవిటినాయుడి ఉద్యోగానికి ఒక గట్టి నియమం ఉంది. పడవ ఏ రోజు సముద్రంలోకి వెళ్తుందో ఎవరికీ చెప్పకూడదు, పెళ్ళానికి కూడా. పడవ వెళ్ళినా వెళ్ళకపోయినా రోజూ చీకటి విడవకముందే అదే చొక్కా, అదే సైకిలు. మిగిలిన సిబ్బందంతా రేవులోనే ఉంటారు. రోజూ ఇంటి నుంచి వచ్చిపోయేవాడు ఇతనొక్కడే. అతను నోరు విప్పేవాడు కాదు. కాని వెళ్ళే రోజున తల్లితో, "అమ్మా, పెరుగన్నం" అనేవాడు. ప్రయాణానికి ముందు పెరుగన్నం తినడం ఆ ఇంటి అలవాటు. పైడమ్మ మాట్లాడకుండా కలిపి పెట్టేది. కొడుకు వెళ్ళాక ఆ పొద్దు చీపురు ముట్టేది కాదు. ఊరికి వెళ్ళినవాళ్ళ వెనకే ఇల్లు ఊడిస్తే వాళ్ళను ఊడ్చేసినట్టట. కళ్ళాపి లేదు, ముగ్గు లేదు. ముగ్గులంటే ప్రాణమైన మంగవేణి ఆ రోజుల్లో నిన్నటి ముగ్గు చెదిరిపోతుంటే చూసి మూతి ముడుచుకునేది.

ఒక రోజు అతను సైకిలు మీద తిరిగి రాలేదు. నలుగురు మోసుకొచ్చారు. భుజంలో గునపంపోటు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పైడమ్మ నా అంచుకు చొక్కా పట్టి చింపింది. ఉప్పునీళ్ళలో నానిన నెత్తురు రుచి నాకు అప్పుడే తెలిసింది. అదే పడవలో పనిచేసే అతని స్నేహితుడు పోలారావు మాత్రం తిరిగి రాలేదు. దొంగబోటువాళ్ళు వాడి తల మీద తెడ్డుతో కొట్టి, నీళ్ళలో పడ్డాక మళ్ళీ కొట్టారట.

"మా కోసం కాపు కాసినారమ్మా," అన్నాడు తవిటినాయుడు, పళ్ళు బిగించి. "మేం కదిలిన పొద్దే ఆళ్ళకి తెలుస్తంది. రేవులో ఉన్నోళ్ళెవులూ గేటు దాటలేదు. ఆఫీసరు నాకేసి సూసినాడు. ఇంకోపాలి ఇలాగైతే నన్ను లోపలేస్తారు. ఈలోపు ఆళ్ళే సంపేత్తారో!"

అరుగు మీద దాలినాయుడి చేతిలో వల కదలడం ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

మర్నాడు పైడమ్మ కోడల్ని పొయ్యి దగ్గర పట్టుకుంది. ఎర్రగా కాలిన అట్లకాడ ఆ పిల్ల చెంపకు అంగుళం దూరంలో ఆగింది.

"నువ్వొచ్చినాకే గదే ఇదంతా! ఎవులికి సెప్పినావు? సదూకున్నదానివి, ఉత్తరాలు రాసినావా? ఆ బావికాడ ఆడోళ్ళతో ఊసులాడినావా?"

"అత్తా, నాకు తెలిస్తే గదా చెప్పడానికి! ఆయన నాకూ చెప్పరు!"

"నాను సీపురు ముట్టనప్పుడు తెలీదేటే నీకు? గుడ్డిదానివేటి?"

అట్లకాడ తగిలింది. చెంప మీద కాదు, అడ్డం పెట్టిన చేతి మీద. నాకు కాలిన వాసన కొత్త కాదు. అయినా ఆ రోజు బాగుండలేదు. అంతకంటే పాడుమాట సాయంత్రం వచ్చింది. కట్టు కట్టించుకుంటూ తవిటినాయుడు మెల్లగా అడిగాడు, "మంగా, నీ నోటంట ఎప్పుడేనా పొరపాట్న..." ఆమె ముడి కొంచెం గట్టిగా బిగించింది. అతను కేక పెట్టాడు. నేనైనా అంతే చేసేదాన్ని.

కాని అత్త అన్న మాట ఆమెలో దిగబడిపోయింది. చీపురు ముట్టనప్పుడు తెలీదా? తనకు తెలిసినట్టే ఇంకెవరికైనా తెలుస్తుందేమో! అప్పటినుంచి కూరలు కోస్తూ ముంగిలివైపే చూసేది.

ఆ వీధిలోకి రోజూ ఒక సానవాడు వచ్చేవాడు. సైకిలు స్టాండు మీద నిలబెట్టి తొక్కుతూ రాయి తిప్పుతాడు. రెండు మూడు సార్లు నాకూ సాన పట్టాడు. చెయ్యి మంచిదే, కన్ను మాత్రం నా మీద ఉండేది కాదు. తవిటినాయుడి భుజం మానింది, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాడు. ఒక పొద్దున పెరుగన్నం అడిగి వెళ్ళాడు. ముంగిలి ఊడ్వలేదు. సానవాడు గేటు ముందు ఆగి, నిన్నటి ముగ్గు చూసి, సైకిలు వెనక్కి తిప్పాడు.

"ఓ బాబూ, ఆగు! కత్తిపీటుంది!" మంగవేణి నన్ను ఎత్తుకుని పరిగెత్తింది.

వాడు వెనక్కి చూశాడు, నన్ను చూశాడు, పెడలు ఇంకా గట్టిగా తొక్కాడు.

మంగవేణి గేటు దగ్గరే నిలబడిపోయింది. పని ఇస్తామని పిలిస్తే పారిపోయే సానవాడు లోకంలో ఉంటాడా? ఆ రోజు పెద్ద గాలి లేచి పడవ మధ్యలోనే తిరిగి వచ్చింది కాబట్టి ఆమె మొగుడు బతికాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ ఇంటి ఆచారానికి అర్థం ఆ సానవాడికి ఎవరో విప్పి చెప్పి ఉండాలి. ఆ ఎవరో ఈ ఇంట్లోనే అన్నం తింటున్నారు. ఎవరని చెప్పగలదు? చేతి మీద కాలిన మచ్చ ఉన్నది తనకే గదా.

మళ్ళీ పెరుగన్నం అడిగిన రోజు వచ్చింది. కొడుకు వెళ్ళగానే పైడమ్మ అమ్మవారికి దీపం పెట్టడానికి గుడికి పోయింది. మంగవేణి కొంగు బిగించి చీపురందుకుంది. మూల మూలా ఊడ్చింది. పేడనీళ్ళు చల్లింది. ముంగిలంతా పట్టేలా తామరపూల ముగ్గు వేసింది. పెళ్ళయ్యాక అంత పెద్దది వేయలేదు. నోట్లో ఏదో పాట కూడా కూనిరాగం తీసింది. భయంతోనే అయినా, ముగ్గు కుదిరితే ఆడపిల్లకు సంతోషం ఆగదు. తర్వాత వచ్చి నా మీద బెండకాయలు కోయడం మొదలుపెట్టింది.

దాలినాయుడు పెరట్లోంచి వచ్చి, ముంగిలి చూసి కొయ్యబారిపోయాడు.

"ఏటీ పని? తమ్ముడు సముద్రానికెల్లిన పొద్దు ఊడిసినావా?"

"సముద్రానికి వెళ్ళారని మీకెవరు చెప్పారు బావగోరూ?"

ఆమె తల దించుకుని కోస్తూనే ఉంది. అతను వీధికేసి చూశాడు, గుడి దారికేసి చూశాడు. చెత్తబుట్ట తెచ్చి ముంగిట్లో బోర్లించాడు. చేప పొలుసు, బూడిద, అరటి తొక్కలు. చీపురు ఎన్నడూ పట్టని మనిషి రెండు కాళ్ళతో తామరపూలన్నిటినీ తొక్కి తుడిచాడు.

"ఒరే దాలీ! ఏటిరా సేస్తన్నావు?" గేటు దగ్గర పైడమ్మ, చేతిలో కుంకుమ పొట్లం.

"నీ కోడలు ఊడిసేసిందే! తమ్ముడికి కీడు తగలకుండా..."

"ఊడిసినాక సెత్తేస్తే ఊడవనట్టవుద్దేటిరా? ఇదే ఆచారం? మా యమ్మ సెప్పలేదు, మీ నాయనమ్మ సెప్పలేదు. ఎవుల్ని నమ్మించడానికిరా ఇది?"

వీధి మొదట్లో "కత్తులకి సానా" అన్న కేక వినబడింది. దాలినాయుడు గేటుకేసి ఉరికాడు. మంగవేణి లేచి అడ్డం నిలబడి గడియ పట్టుకుంది.

"వాడికే గదా బావగోరూ, ఈ చెత్త?"

అతను ఆమె జుట్టు పట్టి వసారాలోకి ఈడ్చుకొచ్చాడు. తల స్తంభానికి కొట్టుకుంది. బెండకాయలు నాలుగువైపులా దొర్లాయి. మోకాలు ఆమె రొమ్ము మీద వేసి, కుడిచేత్తో గొంతు నొక్కాడు. వలతాడు లాగి లాగి రాయైన చెయ్యి అది.

"వొదలరా! సచ్చిపోద్ది! ఒరే, పోలారావుని తినేసింది నువ్వా?"

"నానేం సేసినాను? ఒక్క మాట సెప్పినాను! మా యమ్మ ముంగిలి ఊడవని పొద్దు ఆడు పడవెక్కినట్టే అన్నాను. అంతే! ఆడు దొంగల్ని పట్టలేకపోతే ఉద్యోగం ఊడుతాదనుకున్నాను. ఆడికి టోపీ, ఆడికి పెళ్ళాం, ఆడికి పెరుగన్నం! నాకెప్పుడేనా కలిపినావా?"

తల్లి ఎప్పుడూ కలపలేదు. అతనికి ప్రయాణమన్నదే లేదు గదా.

మంగవేణి కాళ్ళు కొట్టుకోవడం నెమ్మదించింది.

పైడమ్మ నన్ను ఎత్తింది. రెండు చేతులా, పీటతో సహా. నేను గుమ్మడికాయలు చీల్చాను, వంజరాల మెడలు కోశాను. ఏదీ ఇంత వేగంగా నా దగ్గరకు రాలేదు. మణికట్టు దగ్గర దిగాను. ఎముక ఒక్క క్షణం నన్ను ఆపింది. ఆవిడ ఆపలేదు. కొడుకు అరిచిన దానికంటే ఆవిడ అరిచిన అరుపే పెద్దది.

ఆ కేకలకు సానవాడు సైకిలు తిప్పాడు గాని, చేపల బుట్టలతో వస్తున్న ఆడవాళ్ళు దారి ఇవ్వలేదు. లేచి దగ్గుతూ, గేటు పట్టుకుని, "వాడే, పోలారావుని చంపించినవాడే!" అంది మంగవేణి. వాళ్ళలో పోలారావు తల్లి ఉంది. మొదటి దెబ్బ ఆవిడది, రాతి తూకపుగుండుతో. పోలీసులు వచ్చేసరికి వాడికి ముందుపళ్ళు లేవు. కబురు మాత్రం వీధి దాటలేదు.

మర్నాడు గస్తీ పడవ రెండు మరబోట్లను కట్టి లాక్కొచ్చింది. తవిటినాయుడు ఒంటి మీద గీత కూడా పడకుండా ఇంటికొచ్చి, వసారాలో నెత్తుటి మరక పక్కన పెళ్ళాన్ని చూశాడు. ఆమె మెడ చుట్టూ అయిదు వేళ్ళూ నల్లగా ఉన్నాయి. క్షమించమన్నట్టు ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె అతని తల తన ఒడిలోకి లాక్కుని, "ముందు తినండి" అంది. అప్పుడు ఏడ్చాడు.

ఆ సాయంత్రం పోలీసులు మళ్ళీ వచ్చి నన్ను తెచ్చేశారు. మెడలో చీటీ కట్టి స్టేషన్లో ఒక గదిలో పడేశారు. నిలబెట్టే వదిలేశారు, పడుకోబెట్టాలని వీళ్ళకు తెలియదు. సముద్రపు గాలికి తుప్పు మొదలైంది. ఇనస్పెక్టరు మొదట కోడల్ని అనుమానించాడు. "కోసింది నానే," అంది పైడమ్మ. "దాని పేరు రాసినావంటే ఏలిముద్ర ఎయ్యను."

ఆవిడ జామీను మీద బయటికొచ్చింది. దాలినాయుడిని ఆసుపత్రి నుంచి తెచ్చి నా పక్క గది లాకప్పులో పెట్టారు. కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు. పగిలిన తలుపు సందులోంచి నాకు ఊచలు కనిపిస్తాయి.

ఈ రోజు పైడమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. ఊచల ముందు కూలబడి మూత తీసింది.

"కూర నీ మరదలు వండింది. బెండకాయ."

ఎవరి మీద కోసిందో! ఇంత జరిగాక కూడా నాకు అసూయ కలిగింది. కొత్తది కొని ఉంటారు.

"నాకొద్దు. ఎడం సేత్తో తినలేను," అన్నాడు గోడకేసి తిరిగి.

"నిన్నెవులు తినమన్నారు? నాను పెడతాను."

"కోసిన సేత్తోనా?"

"మరో సెయ్యి నాకెక్కడుంది నాయనా?"

పక్కన కానిస్టేబులు గొంతు సవరించుకుని బయటికి పోయాడు. గోడవైపు నుంచే దాలినాయుడు అడిగాడు, "ఆడొచ్చినాడా, సముద్రంలోంచి?"

"వొచ్చినాడు."

"బాగున్నాడా?"

"బాగున్నాడు."

అతను ఇటు తిరిగాడు. ఊచలకు మొహం ఆనించి, కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. పైడమ్మ ఊచల సందులోంచి ముద్ద పెట్టింది. సగం మెతుకులు ఊచల మీద పడ్డాయి, సగం లోపలికి వెళ్ళాయి. అతను నమిలాడు, మింగాడు.

ఆవిడ మరో ముద్ద కలిపింది.