నీళ్ళు తాగిన ఉలి

ఆ పొద్దున ఆకాశం గంజి నీళ్ళలా తెల్లబారి ఉంది. వాన కురిసేలా లేదు, ఎండ కాసేలా లేదు. చెట్టుకూ నీడ లేదు, మనిషికీ నీడ లేదు. కాల్చిన ఇనుము రంగు కనిపెట్టడానికి అలాంటి మబ్బు పొద్దే మంచిదని ఇంటి పెద్ద గవరయ్య అన్నాడు. రంగు కనిపెట్టడానికి ఆయనకు కళ్ళు లేవన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నేను ఒక డ్రిల్లు బిట్టును. ఇనుముకు కన్నాలు పెట్టే మరకు ముక్కులాంటి దాన్ని. ఆ పొద్దున నన్ను బొగ్గుల్లో పెట్టే వేళకి నా పేరు మారిపోయింది. అప్పటికి మూడు రోజులుగా నేను చెక్క తొలిచే ఉలిని.

నేను పుట్టిన ఊరు చెప్పలేను. నా మొదలు దగ్గర కొట్టిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. జానెడున్నర పొడవు, బొటనవేలంత లావు, ఒంటి నిండా మెలికలు. పుట్టినప్పుడే నాకు పట్టాల్సిన కాక పట్టించి, చల్లార్చాల్సినట్టు చల్లార్చి పంపారు. నా జాతికి ఆ ముహూర్తం ఒక్కసారే. రెండోసారి ఎవరైనా చేయబోతే మంచి జరగదు.

విశాఖపట్నంలో పడవలు బాగుచేసే ఒక షెడ్డులో ఎనిమిదేళ్ళు పనిచేశాను. మూడు చేతులు మారాను. మొదటివాడు నూనె పోసి నన్ను వాడేవాడు. రెండోవాడు తొందరలో నూనె మరిచిపోయేవాడు. మూడోవాడు ఆ నూనె డబ్బా మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఒకరోజు దళసరి రేకులో నా ముక్కు విరిగింది. ఎనిమిదేళ్ళ కొలువుకి నాకు దక్కిన సన్మానం ఏమిటంటే, కిటికీలోంచి తుక్కు కుప్ప మీదికి ఒక విసురు.

తుక్కు కొట్టులో నా పక్కన ఒక కుట్టుమిషను చక్రం, రెండు తాళంకప్పలు. వాటికి తాళంచెవులు లేవు. అయినా గట్టిగానే పట్టుకుని ఉన్నాయి, దేన్నో మరి. అక్కడికి సన్నిబాబు వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, పొట్టి మనిషి, చేతి వేళ్ళ సందుల్లో ఎరుపూ పసుపూ లక్క మరకలు. కుప్పలోంచి నన్ను తీసి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అంతకుముందు నన్నెవరూ వినలేదు.

"ముక్కిరిగినదాంతో ఏటి సేస్తావు బాబూ?" అన్నాడు కొట్టు ముసలాయన.

"ఉలి సేస్తాను."

"కర్రకా?" ముసలాయన నవ్వాడు. "ఇనుము తిన్న నోటికి కర్రెడతావా! మంచిదే. సాన మీద అరగదియ్యి సాలు. నీలం తిరిగినా బయపడకు. బొగ్గుల్లో ఎట్టకు. నీల్లు అసలే సూపించకు. మీ పాత ఇనుం లాటిది కాదిది."

సన్నిబాబు తలూపాడు. అతను మాట్లాడడం కన్నా తలూపడమే ఎక్కువ. ఆ తలూపుడే తరవాత కొంప ముంచింది.

అతని ఊరు ఎలమంచిలి అవతల, వరహా నది ఒడ్డున. లేతు మీద కర్ర తిప్పి, లక్క పట్టించి, భరిణెలూ బొంగరాలూ లక్కపిడతలూ చేసే ఊరు. ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. సన్నిబాబు, పెళ్ళాం పైడమ్మ, ఆమె తండ్రి గవరయ్య. సన్నిబాబుకి గవరయ్య మేనమామ, పిల్లనిచ్చిన మామ, పని నేర్పిన గురువు. ఒకే మనిషి మూడు విధాల పెద్దయితే ఆయనకు ఎదురు చెప్పడానికి మూడు నోళ్ళు కావాలి. సన్నిబాబుకి ఉన్నది ఒక్కటే, అదీ సరిగా తెరవడు.

గవరయ్యకు నీటికాసులు వచ్చి నాలుగేళ్ళ కింద రెండు కళ్ళూ పోయాయి. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. కాబట్టి ఆ లేతుకు ఉన్నవి సన్నిబాబు చేతులే. ఆ చేతులకీ పని కష్టమైపోయింది. బొమ్మలకు అంకుడు కర్ర కావాలి. అది వెన్నలాంటి కర్ర. ఇప్పుడది దొరకడం లేదు. తోటల్లో దొరికేది సరుగుడు. అది రాయి. పాత ఆకురాళ్ళూ బండి కమాను పట్టాలూ సాగగొట్టి చేసిన ఉలులు దాని ముందు గంటసేపు నిలవడం లేదు. ఒక భరిణె తొలిచేలోగా రెండుసార్లు సాన దగ్గరికి లేవాలి. పట్నంలో అమ్మే మంచి ఉలులు కొనే తాహతు లేదు. ఉలి నిలబడితే లేతు నిలబడుతుంది. లేదంటే లేతు అమ్మేసి, అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీ గేటు దగ్గర కుర్చీ వేసుకు కూర్చోవాలి. అందుకే నన్ను తెచ్చాడు.

నన్ను మూడు పొద్దులు సాన పట్టాడు. మామూలు ఇనుము సాన మీద చిచ్చుబుడ్డిలా పువ్వులు చిమ్ముతుంది. నేను అలా కాదు. ఎర్రగా, మొండిగా, పొట్టి గీతలు. అది చూసి సన్నిబాబు కళ్ళు మెరిశాయి. నా విరిగిన కొసను గోరులా గుండ్రంగా దిద్దాడు. తుమ్మ కర్రతో మూరెడు పిడి తిప్పాడు. పాత ఇత్తడి కుళాయి గొట్టం ముక్క కోసి పిడికి పొన్ను తొడిగాడు. పిడి కన్నంలో లక్క కరిగించి పోసి నన్ను దించాడు. తుక్కులో పడి ఉన్న నా ఒంటికి ఇత్తడి నగ వచ్చింది.

ఇక పని. నిజం చెప్పాలంటే సరుగుడు కర్ర నాకొక లెక్క కాదు. ఓడ రేకులు తిన్నదాన్ని. చెక్క పొరలు పొరలుగా, ఉల్లిపొట్టులా లేచి వచ్చింది. మధ్యాహ్నం దాకా సన్నిబాబు సాన దగ్గరికి వెళ్ళలేదు. భరిణెలకు లక్క పట్టించి మొగలాకుతో మెరుగు పెడుతున్న పైడమ్మ తలెత్తి చూసింది.

"ఇయాల సానకి నెగనేదేటి?"

సన్నిబాబు నన్ను పైకెత్తి చూపించాడు. నవ్వాడు కూడా. అతని నవ్వు నేను చూసింది అదొక్కసారే.

మూడు రోజులు అలా గడిచాయి. ఆ మూడు రోజులూ జ్వరంతో లోపల పడి ఉన్న గవరయ్య నాలుగో పొద్దున లేతు చప్పుడు విని, గోడ పట్టుకుని వచ్చాడు.

"కొత్త ఉలేట్రా? సప్పుడు మారింది."

"అవును మావా."

ముసలాయన నన్ను చేతుల్లోకి తీసుకుని, పిడి నుంచి కొస దాకా తడిమాడు. మెలికల మీద వేళ్ళు ఆగాయి. వాసన కూడా చూశాడు.

"దీనికి నీల్లు ఎవులు తాగించినారు?"

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త ఉలి ఏదైనా సరే, ఇంటి పెద్ద దాన్ని ఎర్రగా కాల్చి, పసుపు కలిపిన నీళ్ళలో ముంచాకే కర్రను తాకాలి. ఆకురాయి ఇనుముకీ కమాను ఇనుముకీ అది నిజంగానే ప్రాణం పోస్తుంది. గవరయ్య తన తాత చేతి నుంచి నేర్చినది, తప్పు కాదు. తప్పల్లా నేను ఆ జాతిని కాకపోవడం.

"దీనికి అక్కర్నేదంట మావా," అన్నాడు సన్నిబాబు, మెల్లిగా.

"అక్కర్నేదని ఎవులు సెప్పినారు?"

"తుక్కు కొట్టోడు."

"ఓహో! తుక్కు కొట్టోడు మనకి గురువైపోనాడు!" గవరయ్య గట్టిగానే నవ్వాడు. "నీల్లు తాగనిది ఉలేట్రా, పొయ్యిలో సువ్వ గాని! నాకు కల్లు పోనాయి గానీ సెయ్యి పోనేదు. బొగ్గులు రాజెయ్యి."

సన్నిబాబు నోరు తెరిచాడు. మూశాడు. పైడమ్మ మొగుడి దగ్గరికి వచ్చి చెవిలో అంది: "ముంచనీవయ్యా. ఏటైపోద్ది? ఆ ఒక్క పనే కదా ఆయనకి మిగిలింది."

అది నిజం. నాలుగేళ్ళుగా ఆ ముసలాయన చేతికి ఎవరూ పని ఇవ్వలేదు. సన్నిబాబు తలూపాడు.

కొబ్బరి చిప్పల బొగ్గులు, తిప్పుడు పంకా. పిడి ఊడదీసి నా కొసను నిప్పులో పెట్టారు. "రంగొచ్చిందా?" అని అడిగాడు గవరయ్య. "ఎండు మిరక్కాయ రంగు," అన్నాడు సన్నిబాబు. "ఇంకాసేపు." కాసేపాగి, "ఇప్పుడో?" "మాగిన పండుమిరప." గవరయ్య పట్టకారుతో నన్ను తీసి, నీళ్ళ కుండ అంచు ఎడం చేత్తో తడిమి చూసుకుని, ఒక్క ముంపు ముంచాడు.

సుయ్‌మంది. పసుపు ఆవిరి ఆయన ముఖానికి కొట్టింది. ఆ ముఖం వెలిగింది. ఆ సుయ్‌మన్న చప్పుడు లోపల ఇంకొక చప్పుడు ఉంది. చాలా చిన్నది. పిల్ల గోరు విరిచినట్టు, టిక్‌మని. నా కొసకు రెండు వేళ్ళ కింద, మెలిక లోపల, వెంట్రుక కన్నా సన్నని పగులు. పైకి కనపడదు.

సన్నిబాబు కుండ వంక చూశాడు. గవరయ్య తల ఒక పక్కకు వంచి విన్నాడు.

"మంచి నీల్లు పట్టింది," అన్నాడు చివరికి.

"పట్టింది మావా," అన్నాడు సన్నిబాబు.

మనుషులకు నోరుంది, నాకు లేదు. ఆ పొద్దున ఆ తేడా వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

పదకొండు రోజులు ఓర్చుకున్నాను. నా కొసకు ఆ పాత బిగువు లేదు, అయినా కర్ర కోశాను. సన్నిబాబు నన్ను పట్టుకునే తీరు మారింది. మెల్లిగా, బిడ్డ ఒంటి మీద పుండు కడిగినట్టు. నన్ను పక్కన పెట్టి పాత ఉలి తియ్యొచ్చు. కానీ గవరయ్య అరుగు మీద కూర్చుని చప్పుడు వింటుంటాడు కదా. ఏ ఉలి ఆడుతోందో ఆయనకు తెలిసిపోతుంది.

పన్నెండో రోజు ఒక పెద్ద భరిణె. కర్రలో ముడి ఉంది. అతని కుడి చేతి వేళ్ళు నా మెడ దగ్గర, ఎడం చెయ్యి పిడి చివర. లోపలి అంచు తొలుస్తుంటే ముడి నన్ను పట్టుకుంది. పట్టుకుని లాగింది. ఆ పగులు దగ్గర నేను రెండయ్యాను. తిరుగుతున్న భరిణె నా కొసను విసిరికొట్టింది. అది అతని కుడి అరచేతిలో, వేళ్ళ మొదట్లో అడ్డంగా దిగింది.

మోటారు ఆపింది పైడమ్మ. తెల్లటి పొట్టు కుప్ప మీద ఎర్ర చుక్కలు పడ్డాయి, లక్క ఒలికినట్టు.

ఆసుపత్రిలో కొసను తీసేశారు. నరాలు తెగాయన్నారు. చూపుడు వేలూ నడిమి వేలూ ఇక ముడవవన్నారు. ఇంటికి వచ్చిన రోజు గవరయ్య అల్లుడి కట్టుకట్టిన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఎలాగిరిగిందిరా?"

"పాడు ఇనుం మావా. తుక్కుది కదా."

ముసలాయన కట్టు అంచు సరిచేశాడు. "అవున్రా. తుక్కు ఇనుం. నమ్మకూడదు."

ఆ విధంగా నేరం నా మీద పడింది. పడనీ. మొయ్యడానికి ఆ ఇంట్లో ఇంకెవరికీ ఓపిక లేదు. నన్ను పిడితో సహా వంటింటి గూట్లో పడేశారు, ఉప్పు డబ్బా పక్కన. తుప్పు అక్కడే మొదలైంది.

రెండు నెలలకు నర్సీపట్నం నుంచి ఒకాయన వచ్చి లేతును ఆటో ఎక్కించుకుపోయాడు. సిమెంటు నేల మీద నాలుగు బోల్టు కన్నాలు మిగిలాయి. ఆటో చప్పుడు సందు మలుపు తిరిగేదాకా గవరయ్య ఆ కన్నాల మధ్య నిలబడ్డాడు. కాలి బొటనవేలితో ఒక్కొక్క కన్నాన్నీ తడిమాడు. మర్నాటి నుంచి సన్నిబాబుకి గేటు దగ్గర కొలువు.

ఆ మధ్యాహ్నం పైడమ్మ అన్నం వండింది. ఎండు రొయ్యలు వేసి వంకాయ కూర. ముగ్గురూ వంటింట్లోనే కూర్చున్నారు, నా గూటికి ఎదురుగా. సన్నిబాబు కుడి చేత్తో మెతుకులు పట్టబోయాడు. పళ్ళెంలోకే జారిపోయాయి. మళ్ళీ పట్టబోయాడు. మెతుకులు పళ్ళెంలో రాలే చప్పుడు చిన్నది, టిక్‌మన్న చప్పుడంత. గవరయ్య తల ఒక పక్కకు వంచాడు. పైడమ్మ లేవబోయింది. ముసలాయన చెయ్యి చాపి ఆమెను ఆపాడు. తడుముకుంటూ అల్లుడి పళ్ళెం తన ముందుకు లాక్కున్నాడు. కూర కలిపాడు. ముద్ద చేశాడు, నున్నగా, గుండ్రంగా, లేతు మీద తిప్పినట్టు. అల్లుడి ఎడం చెయ్యి వెతికి పట్టుకుని, అందులో పెట్టాడు.

సన్నిబాబు ఆ ముద్ద తిన్నాడు. ముసలాయన ఇంకొకటి చేశాడు. పైడమ్మ తన కంచం వైపే చూస్తూ తిన్నది.